పాత ప్రాసెసర్‌కు కొత్త గ్రాఫిక్ కార్డు సరిపోతుందా? కొనకముందే ఇంట్లో తేల్చుకునే పద్ధతి

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, ఎక్కడైనా సరే, విద్యార్థుల గదుల్లో ఒకప్పుడు ఏదో ఆఫీసులో పనిచేసి వచ్చిన కంప్యూటర్లు కనిపించడం మామూలు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్. లోపల మూడో తరమో నాలుగో తరమో ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. కాలేజీ ప్రాజెక్టులకు బాగానే నడుస్తుంది, గేమ్ పెట్టగానే మొరాయిస్తుంది. అప్పుడు గ్రాఫిక్ కార్డు ఆలోచన మొదలవుతుంది, దాని వెంటే సలహాలూ వస్తాయి. "ఈ ప్రాసెసర్‌కు ఆ కార్డా? బాటిల్‌నెక్ అయితది తమ్మీ, పైసలు దండుగ" అని ఒకరు. "ఏం గాదన్నా, పెట్టెయ్, మస్తు నడుస్తది" అని ఇంకొకరు. బాటిల్‌నెక్ అంటే ఒక భాగం నిదానంగా ఉండి మిగతావాటిని ఆపేయడం. ఇద్దరిలో ఎవరూ మీ కంప్యూటర్‌ను కొలిచి చెప్పడం లేదు.

కొలవొచ్చు. కొత్త కార్డు కొనకముందే, రూపాయి ఖర్చు లేకుండా, ఇప్పుడున్న కార్డుతోనే కొలవొచ్చు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన డబ్బుతో పిల్లలకు కంప్యూటర్ కొనిచ్చిన ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో మళ్లీ ఇరవై వేలు ఖర్చు పెట్టించే ముందు ఒక సాయంత్రం ఈ పరీక్షకు కేటాయించడం న్యాయం. ఎలాగో వరుసగా చెబుతాను.

లోపల జరిగే పని

తెర మీదికి ఒక్కో ఫ్రేము రావాలంటే రెండు పనులు జరగాలి. ముందు ప్రాసెసర్ లెక్క కడుతుంది: ఆటగాడు ఎక్కడున్నాడు, ఎదుటివాళ్లు ఎటు కదిలారు, ఏ బండి దేన్ని గుద్దింది, ఈ దృశ్యంలో ఏమేం గీయాలి. ఆ జాబితా చేతికొచ్చాక గ్రాఫిక్ కార్డు దాన్ని బొమ్మగా గీస్తుంది. నాట్లప్పుడు నారు కట్టలు అందించే మనిషి ఒక్కడే ఉండి, వాడు నిదానమైతే, మడిలోకి ఇంకో పదిమందిని దింపినా నాటు తొందరగా తెమలదు. ప్రాసెసర్ నిదానంగా ఉన్నచోట పెద్ద కార్డు పరిస్థితి అదే, చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడుతుంది.

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీ సెకన్లలో తయారవ్వాలి. 144 కావాలంటే 6.9 మిల్లీ సెకన్లే గడువు. మీ ప్రాసెసర్ ఒక గేములో ఒక్కో జాబితాకు 20 మిల్లీ సెకన్లు తీసుకుంటోందనుకోండి, ఆ గేములో మీకు 50 ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) దాటవు. జీటీఎక్స్ 1650 పెట్టినా 50, ఆర్‌టీఎక్స్ 4090 పెట్టినా 50. దీన్ని ఈ వ్యాసంలో ప్రాసెసర్ హద్దు అంటాను.

మన పరీక్ష మొత్తం ఒక్క విషయం మీద నిలబడింది. తెర రిజల్యూషన్ తగ్గిస్తే గ్రాఫిక్ కార్డు పని తగ్గుతుంది, ఎందుకంటే గీయాల్సిన చుక్కలు తగ్గుతాయి. ప్రాసెసర్ పని మాత్రం దాదాపు తగ్గదు. 1080పీ (1920 బై 1080 చుక్కలు) అయినా 720పీ (1280 బై 720) అయినా రోడ్డు మీద బండ్లు అన్నే, వాటి లెక్క అంతే. అందుకే కార్డు భారం బాగా తగ్గించి చూస్తే ప్రాసెసర్ హద్దు బయటపడుతుంది.

ముందుగా మీ కంప్యూటర్ వివరాలు రాసిపెట్టుకోండి

సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. ప్రాసెసర్ పూర్తి పేరు (ఉత్త "ఐ5" అని కాదు, ఐ5-3470 అని అంకెతో సహా), మదర్‌బోర్డు మోడల్, ర్యామ్ ఎన్ని జీబీ, సింగిల్ చానలా డ్యూయల్ చానలా, ఇవన్నీ అందులోనే కనిపిస్తాయి. మానిటర్ ఎన్ని హెర్ట్జ్‌దో, అంటే సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో చూడండి. 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకు, ప్రాసెసర్ నిలకడగా 70 ఇవ్వగలిగితే అది అడ్డంకే కాదు. 144 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్ ఆడేవాళ్లకు అదే 70 పెద్ద అడ్డంకి. మానిటర్ సంగతి చూడకుండా "బాటిల్‌నెక్ ఎంత శాతం" అని అంకె చెప్పే ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లను నమ్మకండి. మీరు ఏ గేము ఆడతారో, ఏ సెట్టింగ్స్‌తో ఆడతారో తెలియకుండా వాటికి నిజం చెప్పే దారి లేదు.

ప్రాసెసర్ మీద తప్పుడు నింద పడకుండా చూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. పాత కంప్యూటర్‌లో ప్రాసెసర్ నిదానంగా కనిపించడానికి కారణం చాలాసార్లు ప్రాసెసర్ కాదు.

మొదటిది వేడి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. రేకుల షెడ్డు కింది గదిలోనో పై అంతస్తు గదిలోనో మధ్యాహ్నం పూట ఆ పాత కూలర్ ఏం చల్లబరుస్తుంది? పదేళ్ల కింద వేసిన థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పూత) ఎండిపోయి ఉంటుంది, హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు వెళ్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి గేము ఆడుతూ ఉష్ణోగ్రత చూడండి. టాస్క్ మేనేజర్‌లో వేగం కూడా చూడండి. 3.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గేము మధ్యలో 2 కిందికి పడిపోతుంటే, ముందు పేస్టు మార్చి దుమ్ము దులపండి, తర్వాతే పరీక్ష. పేస్టుకు అయ్యేది వందల్లోనే.

రెండోది ర్యామ్. ఒక్కటే 8 జీబీ స్టిక్ ఉంటే సింగిల్ చానల్‌లో నడుస్తుంది, అంటే ప్రాసెసర్‌కు డేటా వచ్చే దారి సగానికి సగం ఇరుకు. అదే రకం ఇంకో స్టిక్ సరైన స్లాట్‌లో పెడితే డ్యూయల్ చానల్ అవుతుంది, మొత్తం 16 జీబీ కూడా అవుతుంది. ఇవాళ్టి గేములకు 8 జీబీ చాలదు. గేము నడుస్తుండగా ర్యామ్ 95 శాతం నిండి, హార్డ్ డిస్క్ గిరగిరా తిరుగుతోందంటే, కుదుపులకు కారణం అక్కడే ఉంది. గేము ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉంటే ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చండి.

మూడోది చిన్న సంగతే: విండోస్ పవర్ ఆప్షన్స్‌లో హై పర్ఫార్మెన్స్ పెట్టండి, వెనకాల తెరిచి ఉన్న బ్రౌజర్ మూసేయండి.

మామూలు సెట్టింగ్స్‌తో మొదటి కొలత

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ వేసుకుంటే గేము ఆడుతుండగానే తెర మూలన ఎఫ్‌పీఎస్, గ్రాఫిక్ కార్డు వాడకం శాతం, ఒక్కో కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు కట్టే విభాగం) వాడకం కనిపిస్తాయి. దీని పేరుతో నకిలీ సైట్లు ఉన్నాయి, ఎంఎస్‌ఐ సొంత సైటు నుంచే దించుకోండి. అదంతా వద్దనుకుంటే విండోస్ కీ, జీ కలిపి నొక్కితే వచ్చే గేమ్ బార్ కూడా పనికొస్తుంది.

గేములో వీసింక్ (ఫ్రేముల వేగాన్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేయండి. ఎఫ్‌పీఎస్ పరిమితి ఏదైనా పెట్టి ఉంటే తీసేయండి. ఇవి ఉంటే 60 దగ్గర గేమే ఆగిపోతుంది, మీరు ప్రాసెసర్ ఆగిందనుకుంటారు. ఎల్డెన్ రింగ్ లాంటి కొన్ని గేములు వాటంతట అవే 60 దాటవు, వాటితో ఈ పరీక్ష చేయకండి.

మీరు రోజూ ఆడే సెట్టింగ్స్‌తోనే, గేములో బరువైన చోటికి వెళ్లండి. జీటీఏ 5 అయితే నగరం నడిబొడ్డున ట్రాఫిక్‌లో బండి వేగంగా నడపండి, కొండల మీద కాదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 అయితే ప్రాక్టీసు గదిలో కాకుండా అసలు మ్యాచ్‌లో చూడండి. పదిమంది ఒకేచోట కాల్చుకుంటున్నప్పుడే ప్రాసెసర్ బలం తెలిసేది. కొన్ని నిమిషాలు ఒకే దారిలో తిరిగి, అంకెలు రాసుకోండి.

కార్డు వాడకం 97, 98 శాతం ఉంటే ప్రస్తుతం ఆపుతున్నది కార్డే. అది 60, 70 శాతం దగ్గర ఊగుతుంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందని అర్థం. ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ మొత్తం వాడకం 50 శాతమే చూపిస్తుండవచ్చు, అది చూసి "ప్రాసెసర్‌లో ఇంకా సగం బలముంది కదా" అనుకోకండి. అది అన్ని కోర్‌ల సగటు. గేములో ముఖ్యమైన పని ఒక్క థ్రెడ్ (కోర్ ఒకదాని తర్వాత ఒకటిగా చేసే పనుల వరుస) మీదే పడి, ఆ ఒక్కటీ నిండిపోతే చాలు, మిగతావి ఖాళీగా ఉన్నా ఎఫ్‌పీఎస్ పెరగదు. అందుకే మొత్తం శాతం కన్నా గ్రాఫిక్ కార్డు వాడకమే నమ్మదగిన గుర్తు.

రిజల్యూషన్ తగ్గించి రెండో కొలత

మిగతా సెట్టింగ్స్ ఏవీ ముట్టుకోకుండా రిజల్యూషన్ ఒక్కటే 1280 బై 720కి దించండి. గేములో రెండర్ స్కేల్ (లోపల బొమ్మ ఎంత రిజల్యూషన్‌లో గీయాలో చెప్పే సెట్టింగ్) ఉంటే దాన్ని 50 శాతానికి దించినా అదే పని. సెట్టింగ్స్ అన్నీ "లో" (తక్కువ స్థాయి) పెట్టేయకండి, అలా చేస్తే జనం, నీడలు, దూరపు వస్తువులు కూడా తగ్గి ప్రాసెసర్ పని కూడా తేలికవుతుంది, కొలత చెడుతుంది. బొమ్మ మసకగా ఉంటుంది, ఫర్వాలేదు. అదే దారిలో మళ్లీ తిరగండి, అంకె రాసుకోండి.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. మీ దగ్గర ఐ5-4570, జీటీఎక్స్ 1050 టీఐ ఉన్నాయనుకుందాం. 1080పీలో 45 వచ్చింది, కార్డు 98 శాతం. 720పీలో 80 వచ్చింది, కార్డు 75 శాతానికి పడింది. అంటే ఆ గేములో మీ ప్రాసెసర్ హద్దు దాదాపు 80. ఎంత పెద్ద కార్డు పెట్టినా 1080పీలో 80 దగ్గర ఆగుతుంది, కానీ 45 నుంచి 80కి వెళ్లే అవకాశం మీ చేతిలోనే ఉంది. కార్డు కొనండి, దండుగ కాదు.

అదే కంప్యూటర్‌లో ఇంకో గేము. 1080పీలో 52, కార్డు 65 శాతం. 720పీలో 54, కార్డు 40 శాతం. రిజల్యూషన్ సగానికి పైగా తగ్గించినా రెండే పెరిగాయి. ఆ గేము కోసం కార్డు కొంటే, వచ్చే కొత్త ఎఫ్‌పీఎస్ ఆ రెండే.

720పీలో కూడా కార్డు 97 శాతం దగ్గరే ఉంటే ఇంకా కార్డే ఆపుతోందన్నమాట, హద్దు ఇంకా పైన ఉంది. రెండర్ స్కేల్ ఇంకా దించి చూడండి. కార్డే లేకుండా ప్రాసెసర్‌లోని ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్‌తో నడిపేవాళ్లకు ఈ పరీక్ష పూర్తిగా కుదరదు, ఆ గ్రాఫిక్స్ అంత బలహీనం. వాళ్లు యూట్యూబ్‌లో సరిగ్గా తమ ప్రాసెసర్ మోడల్‌ను ఏదైనా పెద్ద కార్డుతో, తాము ఆడే గేములోనే పరీక్షించిన వీడియో వెతకాలి. అందులో కార్డు వాడకం 100 కన్నా బాగా తక్కువ ఉన్నప్పుడు కనిపించే ఎఫ్‌పీఎస్ మీ హద్దుకు దగ్గరి అంకె. ఇంకా మంచి దారి, స్నేహితుడి కార్డు ఒక పూట అడిగి పెట్టి చూడటం, మీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) దాన్ని మోయగలిగితేనే. షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్ ఉన్నవాళ్లకు పని ఇంకా సులువు, అందులోని బెంచ్‌మార్క్ చివర్లో ఎంత శాతం సమయం గ్రాఫిక్ కార్డు కోసం ఆగాల్సి వచ్చిందో గేమే చెప్పేస్తుంది.

సగటు చూసి ఆగిపోకండి

పాత నాలుగు కోర్‌ల ఐ5లతో అసలు బాధ సగటులో కనిపించదు. సగటు 70 ఉంటుంది, కానీ బండి మలుపు తిప్పగానే గేము అరక్షణం బిగుసుకుంటుంది. అందుకే "1 శాతం లో" (ఇంగ్లీషులో 1% low) అనే అంకె కూడా చూడాలి. మొత్తం ఫ్రేముల్లో అన్నిటికన్నా నిదానమైన 1 శాతం ఏ వేగంతో వచ్చాయో అది చెబుతుంది. రివాట్యూనర్‌లో, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఇది దొరుకుతుంది. సగటు 70, 1 శాతం లో 50 ఉంటే హాయిగా ఆడుకోవచ్చు. సగటు 75 ఉండి 1 శాతం లో 22 ఉంటే ఆడుతున్నంతసేపూ చిరాకే. మొదటి కంప్యూటర్‌నే నేను మెచ్చుకుంటాను.

720పీ పరీక్షలో కూడా ఈ అంకె అలాగే పడిపోతోందంటే, పెద్ద కార్డు దాన్ని బాగుచేయదు. ఐ5-3470కి నాలుగు కోర్‌లు, నాలుగే థ్రెడ్‌లు. అదే బోర్డులో కూర్చునే ఐ7-3770కి కోర్‌లు నాలుగే అయినా థ్రెడ్‌లు ఎనిమిది. సగటులో తేడా కొద్దిగానే ఉన్నా, ఈ కుదుపుల్లో తేడా బాగా తెలుస్తుంది.

హద్దు తక్కువ వస్తే ఏం చేయాలి

ప్రాసెసర్ మీద భారం వేసే సెట్టింగ్స్ వేరు, కార్డు మీద వేసేవి వేరు. జనసాంద్రత, ట్రాఫిక్, ఎంత దూరం వరకు వస్తువులు కనిపించాలన్నది, ఇవి ప్రాసెసర్ భారం. జీటీఏ 5లో పాపులేషన్ డెన్సిటీ, డిస్టెన్స్ స్కేలింగ్ తగ్గించండి, సైబర్‌పంక్ 2077లో క్రౌడ్ డెన్సిటీ తగ్గించండి, హద్దు పైకి జరుగుతుంది. రే ట్రేసింగ్ (వెలుతురు, ప్రతిబింబాలను నిజంలా లెక్కకట్టే పద్ధతి) కార్డు పనే అనుకుంటారు గానీ ప్రాసెసర్ మీద కూడా గట్టిగానే పడుతుంది, పాత ప్రాసెసర్ ఉంటే దాన్ని ఆపేయండి. టెక్స్చర్ (వస్తువుల పైపూత బొమ్మలు) నాణ్యత, ఆంటీ అలియాసింగ్ (అంచుల గరుకు తగ్గించడం) మాత్రం దాదాపు పూర్తిగా కార్డు పని. కార్డులో మెమరీ ఉన్నంతవరకు వాటిని తగ్గించక్కర్లేదు.

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం) కార్డు భారాన్నే తగ్గిస్తుంది, ప్రాసెసర్ హద్దు దగ్గర ఆగిన గేముకు దానివల్ల లాభం లేదు. ఫ్రేమ్ జనరేషన్ వేరు. అది ప్రాసెసర్‌ను అడగకుండా మధ్యలో ఫ్రేములు కల్పిస్తుంది కాబట్టి తెర మీద అంకె పెరుగుతుంది, కదలిక నున్నగా కనిపిస్తుంది. కానీ మౌస్ కదిపితే స్పందించే వేగం పెరగదు. షూటింగ్ గేములకు నేను దాన్ని సిఫారసు చేయను.

ఇంకో మాట. ప్రాసెసర్ 60 దగ్గర ఆగిపోయినా, మిగిలిన కార్డు బలాన్ని బొమ్మ నాణ్యత పెంచడానికి వాడుకోవచ్చు. 60 హెర్ట్జ్ మానిటర్ మీద కథ ఉన్న గేములు ఆడేవాళ్లకు ఇది మంచి లాభమే. టెక్స్చర్, ఆంటీ అలియాసింగ్ లాంటి కార్డు సెట్టింగ్స్‌ను మీడియం నుంచి అల్ట్రాకు పెంచినా 60 దాదాపు అలాగే నిలబడుతుంది.

ఏ తరానికి ఏ కార్డు

ఇది నా అంచనా. మీ కొలత వేరే చెబితే కొలతనే నమ్మండి.

కోర్ 2 డ్యూయో, కోర్ 2 క్వాడ్, మొదటి తరం ఐ3, ఐ5, ఐ7ల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. వాటిలో ఏవీఎక్స్ అనే సూచనల సమూహం లేదు, అది లేనిదే చాలా కొత్త గేములు తెరుచుకోవు, టెన్సర్‌ఫ్లో లాంటివీ మామూలుగా నడవవు. 2011, 2012 నాటి రెండో, మూడో తరం ప్రాసెసర్లలో ఏవీఎక్స్ ఉంది, ఏవీఎక్స్2 లేదు. కొన్ని కొత్త గేములు ఇప్పుడు అదీ అడుగుతున్నాయి. కాబట్టి ఈ రెండు తరాలకు జీటీఎక్స్ 1650 స్థాయి దాటకండి. నాలుగో తరం (2013, 2014) నుంచి ఏవీఎక్స్2 ఉంది. ఐ7-4790 ఉన్నవాళ్లు 60 హెర్ట్జ్ మానిటర్‌కు ఆర్‌ఎక్స్ 6600 వరకు ధైర్యంగా వెళ్లొచ్చు. ఆరు కోర్‌ల ఐ5-8400, రైజెన్ 5 2600 ఉంటే ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 3060 చక్కగా కుదురుతాయి. రైజెన్ 5 3600, ఐ5-10400 ఉన్నవాళ్లు ఈ వ్యాసం గురించి పెద్దగా బెంగపడక్కర్లేదు.

పాత బోర్డులతో మూడు కార్డుల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలకు పీసీఐఈ (కార్డును బోర్డుతో కలిపే మార్గం) దారులు నాలుగే. పీసీఐఈ 4.0 బోర్డులో ఫర్వాలేదు, మన పాత 3.0 బోర్డులో ఆ దారి సగమవుతుంది. 4 జీబీ మెమరీ నిండగానే వేగం బాగా పడిపోతుంది. రెండో తరం ఇంటెల్ అయితే పీసీఐఈ 2.0యే, అక్కడ ఇంకా కష్టం. ఇక ఇంటెల్ ఆర్క్ కార్డులు. ఇవి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే ఏర్పాటు) అనే సౌకర్యం లేనిదే సరిగ్గా నడవవు, పాత బోర్డుల్లో అది ఉండదు. ఆర్క్ బీ580 మంచి కార్డే, 12 జీబీ మెమరీ ఉంది, కానీ దాని డ్రైవర్ ప్రాసెసర్‌ను ఎక్కువ వాడుకుంటుంది కాబట్టి పాత ప్రాసెసర్లతో బాగా వెనకబడుతుంది. డైరెక్ట్‌ఎక్స్ 12 గేముల్లో ఎన్విడియా (జీటీఎక్స్, ఆర్‌టీఎక్స్ కార్డులు) డ్రైవర్ కూడా రేడియాన్ (ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ కార్డులు) డ్రైవర్ కన్నా ప్రాసెసర్‌ను కొంత ఎక్కువ తింటుంది. అందుకే ధర, బలం సమానంగా ఉంటే పాత ప్రాసెసర్ మీద గేములకు రేడియాన్ వైపే నా మొగ్గు.

కార్డుకన్నా ముందు ఎస్‌ఎంపీఎస్

ప్రాసెసర్ గురించి ఇంత చర్చ జరుగుతుంది, కార్డు ఆగిపోయేది మాత్రం తరచుగా కరెంటు దగ్గర. క్యాబినెట్ మూత తీసి ఎస్‌ఎంపీఎస్ మీది లేబుల్ చదవండి. పైన పెద్ద అక్షరాల్లో "450 వాట్లు" అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 14 ఆంపియర్లు ఉంటే 168 వాట్లు. ఐ5-4570కి 84, ఆర్‌ఎక్స్ 6600కు 132, మొత్తం 216. ఆ ఎస్‌ఎంపీఎస్ మీద ఆ కార్డు నడపకూడదు. గేము మధ్యలో కంప్యూటర్ ఆరిపోవడం అన్నిటికన్నా చిన్న ప్రమాదం. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలిపోతూ బోర్డును, కార్డును కూడా తీసుకుపోగలదు.

మదర్‌బోర్డు స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. అంతకు మించి తినే కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి 6 పిన్లదో 8 పిన్లదో వైరు రావాలి. ఆ వైరు లేకపోతే మోలెక్స్ కన్వర్టర్ (పాత 4 పిన్ల వైరును కార్డు వైరుగా మార్చే ముక్క) పెట్టుకోమని షాపులో చెబుతారు, ఒప్పుకోకండి. ఆఫీసు నుంచి వచ్చిన డెల్, హెచ్‌పీ పెట్టెల్లో కొన్ని మోడళ్లకు మామూలు 24 పిన్ల కనెక్టర్ ఉండదు, బయటి ఎస్‌ఎంపీఎస్ నేరుగా కూర్చోదు. అలాంటి పెట్టె ఉన్నవాళ్లకు వైరు అక్కర్లేని జీటీఎక్స్ 1650 (75 వాట్ల మోడల్), 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ మంచి దారి. పెట్టె సన్నగా ఉండే రకమైతే లో ప్రొఫైల్ (సగం ఎత్తు) కార్డే పడుతుంది. టేపు పెట్టి లోపలి పొడవు కొలిచి, కార్డు మిల్లీమీటర్లతో సరిచూడండి.

యూపీఎస్ కూడా చూసుకోండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది, అందులో మానిటర్ కూడా కలిసి ఉంటుంది. కరెంటు పోయిన క్షణాన గేము నడుస్తుంటే చిన్న యూపీఎస్ భారం మోయలేక వెంటనే ఆగిపోతుంది.

అదే బోర్డులో ప్రాసెసర్ మార్చడం

హద్దు తక్కువ వచ్చినవాళ్లు మొత్తం కంప్యూటర్ మార్చే ముందు ఇది చూడాలి. ఐ5-3470 ఉన్న చోట ఐ7-3770, ఐ5-4570 ఉన్న చోట ఐ7-4790, ఐ5-6500 ఉన్న చోట ఐ7-7700 కూర్చుంటాయి, అవసరమైతే బయాస్ (బోర్డును మేల్కొలిపే లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ చేసి. ఎనిమిదో తరం ఇంటెల్ మాత్రం ఆరు, ఏడు తరాల బోర్డులో నడవదు, సాకెట్ చూడటానికి ఒకేలా ఉన్నా సరే. అందరికన్నా అదృష్టవంతులు ఏఎం4 (ఏఎండీ రైజెన్‌ల సాకెట్) బోర్డు ఉన్నవాళ్లు. 2017లో రైజెన్ 5 1600తో కొన్న బోర్డుల్లో చాలావాటికి బయాస్ అప్‌డేట్‌తో రైజెన్ 5 5600 పడుతుంది. హద్దు అమాంతం పెరుగుతుంది, బోర్డు, ర్యామ్ పాతవే ఉంటాయి. బోర్డు తయారీ సంస్థ సైటులో మీ మోడల్ కింద ప్రాసెసర్ల జాబితా చూసుకున్నాకే కొనండి.

విండోస్ సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 శ్రేణి నుంచే. విండోస్ 11లో వాలరెంట్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు అడుగుతుంది, పాత బోర్డుల్లో చాలావాటికి టీపీఎం 2.0 ఉండదు. ఆ గేము కోసమే ఇదంతా చేస్తుంటే, మూడో తరం కంప్యూటర్ మీద కార్డు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. ఆ డబ్బు దాచి కొత్త సెట్ వైపు వెళ్లండి.

గేములు కాకపోతే

3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో సైకిల్స్ రెండరింగ్, డీప్ లెర్నింగ్ ప్రాజెక్టులు చేసే ఇంజనీరింగ్ విద్యార్థులకు లెక్క వేరు. అక్కడ పని చాలావరకు కార్డులోనే జరుగుతుంది, ఐ7-4790 ఉన్నా ఆర్‌టీఎక్స్ 3060 తన బలం బాగానే చూపిస్తుంది. వాళ్లు ప్రాసెసర్ కన్నా కార్డు మెమరీ చూడాలి, 12 జీబీ ఉన్న 3060 వాళ్లకు ఇప్పటికీ మంచి ఎంపిక. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు కెమెరా ఏ ఫార్మాట్‌లో తీస్తోందో ముందు చూసుకోండి. 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువగా దాచే పద్ధతి) తీసిన హెచ్.265 ఫైళ్లను ఆర్‌టీఎక్స్ 50 శ్రేణికి ముందటి జీఫోర్స్ కార్డులు నేరుగా విప్పలేవు. ఆ భారమంతా పాత ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ నత్తనడక నడుస్తుంది. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి నకళ్లు) తయారు చేసుకుంటే కార్డు కొనకుండానే పని సాఫీ అవుతుంది.

కొనడం, బిగించడం, మళ్లీ కొలవడం

హనుమకొండలో కొన్నా, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొన్నా, జీఎస్‌టీ బిల్లు తీసుకోండి, దాని మీద కార్డు సీరియల్ నంబరు రాయించండి. వారంటీకి అదే ఆధారం. సెకండ్ హ్యాండ్ కార్డైతే షాపులోనే అరగంట గేమో బెంచ్‌మార్కో నడిపించి, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, వేడి ఎంత, తెర మీద గీతలు వస్తున్నాయా చూడండి. జీటీఎక్స్ 10 శ్రేణి పాత కార్డులు చవకగా కనిపిస్తాయి, కానీ కొత్త గేముల కోసం ఇచ్చే డ్రైవర్లను వాటికి ఎన్విడియా 2025 చివర్లో ఆపేసింది. చాలా చవక అయితే తప్ప వద్దు.

ఇంటికి తెచ్చాక ముందు డీడీయూ అనే ఉచిత ప్రోగ్రాంతో పాత డ్రైవర్ పూర్తిగా తీసేయండి, తర్వాత కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి కార్డు బిగించండి. మానిటర్ వైరు కొత్త కార్డుకే పెట్టండి. మదర్‌బోర్డు పోర్టులోనే వదిలేసి "ఏం తేడా రాలేదు" అనేవాళ్లు చాలామంది. తెర అసలు వెలగకపోతే కార్డు పోయిందని కంగారుపడకండి. పాత బోర్డుల్లో బయాస్ కొత్త కార్డును గుర్తుపట్టకపోవడం మామూలే. పాత కార్డు మళ్లీ పెట్టి బయాస్ అప్‌డేట్ చేయండి, బోర్డు యూఈఎఫ్ఐకి (పాత బయాస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) మద్దతిస్తే బూట్ పద్ధతి అటు మార్చి చూడండి. ఈ ఇబ్బంది ఉండొచ్చు కాబట్టి, కొనేటప్పుడే "మా బోర్డులో డిస్‌ప్లే రాకపోతే ఎన్ని రోజుల్లో మార్చిస్తారు?" అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.

తర్వాత అదే గేము, అదే దారి, అవే సెట్టింగ్స్, 1080పీ. మీరు ముందు రాసుకున్న ప్రాసెసర్ హద్దుకు దగ్గరగా అంకె వచ్చి, కార్డు వాడకం 100 కన్నా తక్కువ ఉంటే అంతా లెక్క ప్రకారమే ఉంది. హద్దుకు చాలా కింద ఆగి, కార్డు కూడా ఖాళీగా ఉంటే, జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి కార్డు పూర్తి పీసీఐఈ దారులతో నడుస్తోందా చూడండి. కార్డును తప్పు స్లాట్‌లో పెట్టినా, సరిగ్గా లోపలిదాకా నొక్కకపోయినా అక్కడే తెలిసిపోతుంది. అవి సరిగ్గానే ఉంటే మళ్లీ ఉష్ణోగ్రతలు చూడండి. కొత్త కార్డు వేడి చిన్న క్యాబినెట్‌లో ప్రాసెసర్ కూలర్‌కే తగులుతుంది, పక్క మూత తీసి ఒకసారి నడిపి చూస్తే ఆ సంగతీ తేలిపోతుంది.